లారీ ఎక్కడిదాకా వస్తుంది: ఇంటి ఖర్చు అంచనాకు ఏఐ, గుణుపురం ప్రాజెక్టు డైరీ

ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురంలో ఉంటూ నేను చేస్తున్న పీహెచ్‌డీ పని ఇది. ఇళ్లు, బడి గదులు, అంగన్‌వాడీలు లాంటి చిన్న కట్టడాలకు ఎంత ఖర్చవుతుందో ముందే చెప్పడంలో ఏఐ ఎంతవరకు పనికొస్తుందో చూడాలి. ఇలాంటి పని ఇంకో ఊళ్లో మొదలుపెట్టేవాళ్లకు నేను పోగొట్టుకున్న నెలలు మిగలాలని నా డైరీలో పనికొచ్చే భాగాలు ఇక్కడ రాస్తున్నాను.

ఎందుకింత పట్టుదల అంటే, నేను తిరిగిన ఊళ్లలో లింటెల్ దాకా లేచి ఆగిపోయిన ఇళ్లు 11 చూశాను. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద ఇంటికి మైదానంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షల రూపాయలు వస్తాయి. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. ఆ పైన చేతి డబ్బు ఎంత పడుతుందో తెలియకుండా పునాది తీసిన కుటుంబం రెండు వానాకాలాలు ఆ మొండిగోడల పక్కనే పాకలో గడుపుతుంది.

వాడుతున్న సామాను: 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, అందులో మోడల్స్ కట్టడానికి సైకిట్‌లెర్న్, ఫోన్ కెమెరా, చిన్న ట్రైపాడ్. మిగతావి అవసరం పడ్డప్పుడు కొన్నాను. ఎందుకు కొన్నానో ఆయా దశల్లో రాశాను.

దశ 1: బిల్లులు చదవడం (2025 జనవరి, ఫిబ్రవరి)

సిమెంటు షాపుల కార్బన్ కాపీలు, ఇంటివాళ్లు బియ్యం డబ్బాలో దాచుకున్న చీటీలు, ముగ్గురు కాంట్రాక్టర్ల ఫైనల్ బిల్లులు. మొత్తం 74 కట్టడాలు, 1,180 ఫొటోలు. పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న భాగాన్ని ఫొటో తీసిన రోజే కత్తిరించేశాను. ఇంటివాళ్లకు మొదట ఇచ్చిన మాట అది.

ఫొటో చూసి అంకెలు రాసిపెట్టే ఏఐతో చదివించాను. రెండు రకాల తప్పులు వచ్చాయి.

మొదటిది లిపి తప్పు. మా దగ్గర ఒకే చీటీలో సరుకు పేరు తెలుగులో, అంకెలు ఒడియాలో, మొత్తం ఇంగ్లీషులో ఉండటం మామూలే. ఒడియా నాలుగు చేతిరాతలో పైన కాస్త మూసుకుందంటే అచ్చం ఇంగ్లీషు ఎనిమిదే. 40 బస్తాల సిమెంటు 80 బస్తాలైంది. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. పరిమాణాన్ని రేటుతో గుణిస్తే మొత్తం రావాలి, రాకపోతే ఆ వరుస ఎర్రగా వెలుగుతుంది. 412 ఫొటోల్లో లెక్క కుదరలేదు. చాలావరకు చిల్లర వదిలేసిన తేడాలే కానీ 137 మాత్రం అంకె తప్పు చదివినవి.

రెండో తప్పు ఈ తనిఖీకి దొరకదు. ఒక చీటీ మూల తడిసి రేటు చెరిగిపోయింది. 40 బస్తాలు, మొత్తం 15,200 కనిపిస్తున్నాయి. ఏఐ రేటు గడిలో 380 అని రాసేసింది. 380ని 40తో గుణిస్తే సరిగ్గా 15,200. లెక్క కుదిరింది, ఎర్ర దీపం వెలగలేదు. నెల తర్వాత వేరే పని మీద షాపుకు వెళ్లి కార్బన్ కాపీ చూస్తే రేటు 365 ఉంది. మిగతా 600 బస్తాకు 15 చొప్పున దింపుడు కూలి. చూడని అంకెను చూసినట్టు రాసింది. ఆ రాత్రి నాకు నిజంగా భయమేసింది, ఎందుకంటే అప్పటికి ఆ పద్ధతిలో 700 ఫొటోలు దాటేశాను.

మార్చినవి:
1. చదవలేని గడిలో "చదవలేదు" అనే రాయాలని ఏఐకి కట్టడి.
2. లెక్కగట్టి రాబట్టిన అంకెకు వేరే రంగు.
3. ప్రతి పది ఫొటోల్లో ఒకటి ఇద్దరు డిప్లొమా పిల్లలు విడివిడిగా టైపు చేయాలి. ముగ్గురి అంకెలూ కలవకపోతే అసలు చీటీ దగ్గరికి వెళ్లాలి.
4. దింపుడు కూలి, ఆటో కిరాయి సరుకు ధరలో కలపకూడదు. వాటికి వేరే వరుస.

ఇనుము బిల్లుల్లో కిలోల బదులు ఊచల లెక్క ఉంటుంది. మందాన్ని మందంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వస్తాయి. 8 ఎంఎం ఊచ మీటరుకు 0.395 కిలోలు. 12 మీటర్ల ఊచ 4.74 కిలోలు, 40 ఊచలు దాదాపు 190 కిలోలు. ఈ మార్పిడి ఫార్ములాకే వదిలాను, ఏఐకి ఇవ్వలేదు.

ఇసుక ఎక్కడా రాయకుండా నగదు ఇచ్చేసినవి, ఇనుము చీటీలు పోయినవి 22 కట్టడాలు తీసేశాను.

ఇప్పటిదాకా: కట్టడాలు 74, పనికొచ్చినవి 52, ఊళ్లు 19. ఖర్చు: ట్రైపాడ్ 450, పెట్రోలు 2,100, టైపింగ్ 6,000. మొత్తం రూ. 8,550.

దశ 2: 6.8 శాతం అనే అబద్ధం (మార్చి)

మోడల్ అంటే తెలిసిన కట్టడాల లెక్కలు చూసి కొత్తదానికి అంచనా చెప్పే ప్రోగ్రాం. నా మొదటి మోడల్ రాండమ్ ఫారెస్ట్. 2001లో లియో బ్రైమన్ చెప్పిన పద్ధతి. ప్రశ్న ప్రశ్నకూ కొమ్మలుగా చీలే నిర్ణయ చెట్లు ఎన్నో కట్టి, వాటి జవాబుల సగటు తీసుకుంటుంది. కట్టడం వైశాల్యం, గదులు, పైకప్పు రకం, సంవత్సరం ఇచ్చాను. సగటు తప్పు 6.8 శాతం వచ్చింది.

ఇక్కడే ఆగి అనుమానించాలి. నా 52లో 23 ఒకే నమూనా బడి గదులు, కట్టింది ఆ ముగ్గురు కాంట్రాక్టర్లే. వరుసలు కలగలిపి విడగొడితే ఒక బడిలో తూర్పు గది పాఠంలోకి, పడమటి గది పరీక్షలోకి వెళ్లింది. మోడల్ ఖర్చు నేర్చుకోలేదు, ఆ గదిని గుర్తుపట్టింది.

మార్చింది: ఊరి వారీగా విడగొట్టడం. ఒక ఊరి కట్టడాలన్నీ దాచిపెట్టి, మిగతా 18 ఊళ్లతో నేర్పి, దాచిన ఊరిని అడగడం. ఇలా 19 సార్లు.

వచ్చిన తప్పు 27.4 శాతం.

పక్కనే ఇంకో లెక్క వేశాను. ఏ ఏఐ లేకుండా, తెలిసిన కట్టడాల చదరపు అడుగు ఖర్చు సగటుతో వైశాల్యాన్ని గుణిస్తే తప్పు 24.9. అంటే మా ఊళ్లో ఎవరైనా నోటితో వేసే లెక్క నా మోడల్ కంటే మెరుగు. న్యూరల్ నెట్‌వర్క్ కూడా పెట్టి చూశాను. నేర్చుకున్న కట్టడాల మీద 2 శాతం, కొత్త ఊరి మీద 41. యాభై రెండు కట్టడాలతో దాని జోలికి వెళ్లకండి, పాఠం బట్టీ పట్టేస్తుంది.

గైడ్ గారు ఒక్క మాటే అన్నారు: "ముందు చదరపు అడుగు లెక్కను దాటి రామ్మా, తర్వాత మాట్లాడుకుందాం." ఆ మాట కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ మూతకు అతికించుకున్నాను. అప్పటినుంచి ప్రతి ఫలితం పక్కన చదరపు అడుగు లెక్క ఎంతో కూడా రాస్తున్నాను. మీరు ఎవరి పేపర్ చదివినా ఈ రెండో అంకె ఉందా లేదా చూడండి.

దశ 3: పన్నులు, తుపాను (ఏప్రిల్)

ఖర్చు అని నేను అనుకున్న అంకె అన్ని బిల్లుల్లో ఒకటే కాదు.

ప్రభుత్వ పనుల మీద జీఎస్‌టీ 2022 జూలై 18 నుంచి 12 శాతం నుంచి 18 అయింది. పని 100 రూపాయలదే అయినా కాగితం మీద 112 కాస్తా 118 అవుతుంది. 5.4 శాతం పెరుగుదల, ఒక్క ఇటుక కూడా ఎక్కువ పడకుండా. మోడల్ దాన్ని "2022 తర్వాత గదులు ఖరీదైపోయాయి" అని నేర్చుకుంది. భవన నిర్మాణ కార్మికుల సెస్సు 1 శాతం కొన్ని ఎస్టిమేట్లలో కలిపి ఉంది, కొన్ని బిల్లుల్లో చివర కోసి ఉంది. ఇళ్ల చీటీల్లో సిమెంటు ధరలోనే 28 శాతం పన్ను కలిసిపోయి ఉంది.

చేసింది:
1. ప్రతి వరుసను పన్ను లేని ధరకు మార్చాను.
2. పన్నును బిల్లు తేదీ ప్రకారం వేరే గడిలో పెట్టాను.
3. సెస్సు అందరికీ ఒకే చోట.

తర్వాత తిత్లీ. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపాను గజపతి జిల్లాను, మా వైపు వంశధార ఒడ్డు ఊళ్లను ఎలా తుడిచిపెట్టిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ తర్వాతి ఆరు నెలల్లో కట్టిన 6 కట్టడాల చీటీలు చూస్తే రేకులు, కూలి, కిరాయి ఏదీ మామూలు ధరలో లేదు. వాటిని పక్కన పెట్టాను. మనసు ఒప్పుకోలేదు, ఎందుకంటే మళ్లీ తుపాను వస్తే జనానికి లెక్క కావాల్సింది అప్పుడే. కానీ సంవత్సరం గడిలో 2018 అని చూసి మోడల్ దారి తప్పుతోంది.

ఫలితం: మోడల్ 22.1, చదరపు అడుగు లెక్క 21.0. దగ్గరికొచ్చింది, దాటలేదు.

ఇప్పటిదాకా: పనికొచ్చినవి 46, పక్కన పెట్టినవి 6. ఖర్చు మారలేదు, రూ. 8,550.

దశ 4: ట్రాక్టర్ అంటే ఎంత (మే, జూన్ మొదటి వారం)

ఈ దశ మీద ఎక్కువ రాస్తున్నాను. నా పనిలో అసలు తప్పు దొరికింది ఇక్కడే.

తప్పు ఎక్కువ వచ్చిన పది కట్టడాలు వరుసగా పెట్టి చూస్తే ఎనిమిదింటిలో ఇసుక లెక్క పొంతన లేదు. 400 చదరపు అడుగుల ఇంటికి ఒకచోట 6 ట్రాక్టర్లు, ఇంకోచోట 11. నేను అన్నింటికీ ట్రాక్టర్ అంటే ఒక యూనిట్, అంటే 100 ఘనపుటడుగులు అని వేసుకున్నాను. వ్యాపారులందరూ అలాగే అంటారు మరి.

టేపు కొని వంశధార రేవు దగ్గర, రోడ్డు మీద కనిపించిన 9 తొట్లు లోపలి కొలతలు తీశాను. డ్రైవర్లు ముందు అనుమానంగా చూశారు. తూకాలవాళ్లం కాదని, చదువు కోసమని చెప్పాక ఒకాయన తానే టేపు రెండో కొస పట్టుకున్నాడు.

చిన్న తొట్టి: పొడవు 9 అడుగులు, వెడల్పు 5 అడుగుల 6 అంగుళాలు, ఎత్తు 1 అడుగు 4 అంగుళాలు. 66 ఘనపుటడుగులు.
మధ్యరకం: 9 అడుగుల 8 అంగుళాలు, 5 అడుగుల 10 అంగుళాలు, ఒకటిన్నర అడుగు. దాదాపు 85.
పెద్దది: 10 అడుగులు, 6 అడుగులు, 1 అడుగు 8 అంగుళాలు. 100.

అన్నీ "ఒక ట్రాక్టరే". 66కూ 100కూ మధ్య తేడా సగానికి పైనే.

దాని మీద తడి. ఏటి నుంచి తీసిన ఇసుక చెమ్మ మీద ఉబ్బుతుంది. రేణువు చుట్టూ నీటి పొర పట్టి రేణువులు ఎడమవుతాయి కాబట్టి తొట్టి నిండినట్టే కనబడుతుంది. కొలవడం తేలిక, ఎవరైనా చేయొచ్చు:

1. 250 మిల్లీలీటర్ల కొలగాజులో తడి ఇసుకను కుదపకుండా 200 గీత దాకా పోయండి.
2. ఇసుక మునిగేలా నీళ్లు పోసి పుల్లతో బాగా కలపండి.
3. తేరుకున్నాక ఇసుక ఏ గీత దగ్గర ఉందో చూడండి.
4. 200ను ఆ అంకెతో భాగించి, ఒకటి తీసేసి, 100తో గుణిస్తే ఉబ్బు శాతం.

మొదటి సారి నేను గాజును నేలకేసి తట్టి సర్దాను. 8 శాతమే వచ్చింది. తట్టకూడదు, ఉబ్బు అక్కడే పోతుంది. మళ్లీ చేస్తే 160 గీత దగ్గర ఆగింది, 25 శాతం. అంటే 85 పట్టే తొట్టిలో ఉన్నది 68 ఘనపుటడుగుల పొడి ఇసుకే. ఇంటాయన 100కు డబ్బిచ్చాడు. నా మోడల్ కూడా 100 అనే నమ్మింది.

పాత బిల్లులను ఎలా దిద్దాలి? చీటీ మీద ట్రాక్టర్ యజమాని గుర్తు ఉన్నవాటికి ఆ తొట్టి కొలతే వేశాను. అవి 29 కట్టడాలు. మిగతా 17కి మధ్యరకం 85 వేసి, "అనుమానం" అని ఒక గడి పెట్టాను. చెమ్మను నెలను బట్టి వేశాను. ఇది కచ్చితం కాదు, కానీ అన్నింటికీ 100 అనడం కంటే నయం.

తప్పు 22.1 నుంచి 19.6కు దిగింది. పద్ధతి ఏమీ మార్చలేదు, టేపు పట్టుకున్నానంతే. మొదటిసారి చదరపు అడుగు లెక్కను దాటింది.

ఇప్పటిదాకా ఖర్చు: టేపు 180, కొలగాజు 280, స్ప్రింగు త్రాసు 350, పెట్రోలు 900 కలిపితే రూ. 10,260.

దశ 5: మేస్త్రిగారి మొదటి ప్రశ్న (జూన్ నుంచి ఆగస్టు)

కొత్తగా మొదలవుతున్న 7 ఇళ్లు ఎంచుకున్నాను. పునాది తీయకముందే మోడల్ అంకె, మేస్త్రిగారి అంకె వేర్వేరు కవర్లలో పెట్టి అంటించాం. మేస్త్రిగారు శ్రీకాకుళం వైపు నుంచి ముప్పై ఏళ్ల కిందట ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ పెద్దాయన. తెలుగు, ఒడియా, సవర మూడూ మాట్లాడతారు.

నేను ప్లాన్ కాగితం చాపితే ఆయన చూడలేదు.

"ముందిది సెప్పమ్మా. లారీ ఎక్కడిదాకా వస్తాది?"

"రోడ్డు దాకా వస్తుంది మేస్త్రిగారూ."

"రోడ్డు మీంచి ట్రాకటరు ఎక్కుద్దా? ఎక్కితే ఎందాకా? ఆ పైన నడకెంత?"

ఇవేవీ నా ఫారంలో లేవు. నా దగ్గరున్న ఎస్టిమేట్లలో క్వారీ నుంచి పని దగ్గరికి లీడ్, అంటే సరుకు తెచ్చే దూరం, కిలోమీటర్లలో ఉంది. ఆ కిలోమీటర్లు రోడ్డు అయిపోయేదాకానే.

నాలుగో ఇల్లు పుట్టాసింగి వైపు కొండ మీది సవర గూడెంలో. 380 చదరపు అడుగులు. ట్రాక్టర్ ఆగిన చోటు నుంచి ఇంటికి 240 మీటర్ల ఎక్కుడు. అక్కడ మూడు రోజులు కూర్చున్నాను. త్రాసుకు తట్ట తగిలించి తూచితే ఇసుక తట్ట సగటున 22 కిలోలు. నింపుకుని ఎక్కి, పోసి, దిగి రావడానికి 11 నిమిషాలు. 85 ఘనపుటడుగుల తడి ఇసుక సుమారు 3,570 కిలోలు. తట్టలకు కొడితే 162 మోతలు. రానూ పోనూ 480 మీటర్లు. ఒక్క ట్రాక్టర్ ఇసుక పైకి చేరడానికి ఆ ఆడవాళ్లు నడిచే దూరం దాదాపు 78 కిలోమీటర్లు. గుడ్డ చుట్టిన కుదురు తల మీద సర్దుకుంటూ ఒకామె సవరలో ఏదో అంది, పక్కామె తెలుగులో చెప్పింది: "మా నడక కూడా రాత్తున్నావా అని అడుగుతంది." రాస్తున్నానని చెప్పి నోట్‌బుక్కు చూపించాను.

ఆ ఇంటికి మోత కూలి మొత్తం:
1. ఇసుక 8 ట్రాక్టర్లు: 43 పనిదినాలు
2. కంకర: 35
3. ఇటుకలు: 30
4. సిమెంటు బస్తాలు: 5
5. ఊచలు: 4

మొత్తం 117 పనిదినాలు. ఆ ఇంట్లో ఇచ్చిన కూలి రోజుకు 400 చొప్పున రూ. 46,800. ఇంటి మొత్తం ఖర్చు 5,42,000లో ఇది 8.6 శాతం, అదీ నా మోడల్‌కు తెలియకుండా. సిమెంటుకు 5 దినాలే ఎందుకంటే మగవాళ్లు 50 కిలోల బస్తా ఒక్కసారే ఎత్తుకెళ్తారు, రోజుకు ముప్పై దాకా.

కవర్లు విప్పితే ఈ ఇంటికి మేస్త్రిగారు 5,20,000 రాశారు, మోడల్ 4,11,000. ఆయన తప్పు 4 శాతం, నాది 24. ఏడు ఇళ్ల మీద కలిపి మేస్త్రిగారి సగటు తప్పు 8.1, మోడల్‌ది 19.3, చదరపు అడుగు లెక్కది 22.

ఫారంలో 9, 10, 11 గడులు చేర్చాను: లారీ ఎక్కడిదాకా, ట్రాక్టర్ ఎక్కడిదాకా, ఆ పైన మోత ఎన్ని మీటర్లు, ఎక్కుడా చదునా. పాత కట్టడాలన్నింటికీ మళ్లీ తిరిగి ఇవి నింపడానికి ఐదు వారాలు పట్టింది, మధ్యలో వానలు. ముందే అడిగి ఉంటే ఈ తిరుగుడు తప్పేది. కాబట్టి మీరు బిల్లులు సేకరించే మొదటి రోజే ఈ మూడూ రాసుకోండి.

ఇప్పటిదాకా: ఖర్చులో పెట్రోలు 2,640 కలిసి రూ. 12,900.

దశ 6: ధర నేర్పడం మానేశాను (సెప్టెంబర్)

ఇంతవరకూ మోడల్‌ను "ఈ ఇల్లు ఎంత?" అని అడిగాను. ఆ ఒక్క అంకెలో గోడ, పన్ను, తుపాను, డీజిల్, కొండ అన్నీ కలిసిపోతున్నాయి. 52 కట్టడాలతో వాటిని విడదీయడం ఎవరి వల్లా కాదు.

కొత్త పద్ధతి:
1. మోడల్ పరిమాణాలే చెప్పాలి: సిమెంటు బస్తాలు, ఇనుము కిలోలు, ఇసుక, కంకర ఘనపుటడుగులు, ఇటుకలు, మేస్త్రి దినాలు, కూలి దినాలు.
2. ధరలు ఈ వారపు ధరల కాగితం నుంచి. మనిషి నింపాలి.
3. మోత లెక్క మామూలు గుణకారం: బరువు, తట్ట, నిమిషాలు. దానికి ఏఐ అక్కర్లేదు.
4. పన్ను చివర, తేదీని బట్టి.

సిమెంటు, ఇనుము, ఇసుక, కంకర, ఇటుకలకు సాదా రిగ్రెషన్ (సూటి గీతలా పెరిగే లెక్క) చాలింది. కూలి దినాలకు మాత్రం రాండమ్ ఫారెస్ట్ మెరుగ్గా వచ్చింది, ఎందుకంటే అక్కడ సంబంధం సూటిగా లేదు. రెండు గదులకూ మూడు గదులకూ మధ్య సెంట్రింగ్ పని ఒక్కసారిగా పెరుగుతుంది.

ప్రతి జవాబుకూ చేతి లెక్కతో, ఇంతకంటే తగ్గకూడదని ఒక కనీస హద్దు పెట్టాను. 380 చదరపు అడుగుల శ్లాబు 5 అంగుళాల మందంతో 158 ఘనపుటడుగులు, అంటే 4.48 ఘనపు మీటర్లు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాలు. శ్లాబు ఒక్కదానికే 36 బస్తాలు కావాలి. మొత్తం ఇంటికి మోడల్ 60 బస్తాలు చాలంటే ఆ జవాబు బయటికి రాకూడదు. మొదటి వారం ఇలా 3 జవాబులు ఆగాయి. మూడూ రేకుల ఇళ్లని తప్పుగా నమోదైన శ్లాబు ఇళ్లు.

ఈ మార్పులో నాకు ఎక్కువ సంతోషం కలిగించింది తిత్లీ తర్వాతి ఆరు ఇళ్లు తిరిగి రావడం. తుపాను ధరల్ని మార్చింది, గోడకు పట్టే ఇటుకల్ని మార్చలేదు. ఆ చీటీల్లోని పరిమాణాలు మిగతావాటిలాగే ఉన్నాయి. రేపు మళ్లీ తుపాను వస్తే ధరల కాగితం ఒక్కటి మారిస్తే చాలు.

ఫలితం, ఊరి వారీగా, 52 కట్టడాల మీద: కొత్త పద్ధతి 14.2 శాతం, చదరపు అడుగు లెక్క 23.6. కవర్ల ఏడు ఇళ్ల మీద మళ్లీ నడిపితే 12.6. ఆ ఏడు అప్పటికే నేను చూసినవి, కాబట్టి ఈ అంకెను థీసిస్‌లో విడిగా, ఆ మాట చెప్పి పెడతాను. నాలుగో ఇంటికి ఇప్పుడు 5,03,000 వస్తోంది, తప్పు 7 శాతం. ఏడు ఇళ్ల సగటు 12.6 మాత్రం మేస్త్రిగారి 8.1ని దాటలేదు.

దశ 7: ఒక అంకె బదులు రెండు (అక్టోబర్)

సెప్టెంబర్ 22న సిమెంటు మీద జీఎస్‌టీ 28 నుంచి 18కి తగ్గింది. పన్ను లేని ధర 100 అయితే 128 కాస్తా 118 కావాలి, 7.8 శాతం తగ్గుదల. పాత మోడల్‌తో అయితే కొత్త బిల్లులు పోగయ్యేదాకా నెలల తరబడి తప్పు చెప్పేది. ఇప్పుడు ధరల కాగితంలో ఒక గడి మార్చాను, అంతే. షాపులో నిజంగా అమ్ముతున్న ధరే రాశాను, రావాల్సిన ధర రాయలేదు.

ఒకే అంకె చెబితే ఇంటివాళ్లు దాన్ని మాటిచ్చినట్టు తీసుకుంటారు. అందుకని రెండు చెబుతున్నాను:

1. ఊరి వారీ పరీక్షలో ప్రతి కట్టడానికీ అసలు ఖర్చును అంచనాతో భాగించాను.
2. ఆ 52 అంకెల్ని చిన్న నుంచి పెద్దకు పేర్చాను.
3. కింది పదో వంతు దగ్గర 0.88, పై పదో వంతు దగ్గర 1.21 వచ్చాయి.
4. అంచనా 4,00,000 అయితే "3,52,000 నుంచి 4,84,000 మధ్య" అని చెబుతాను.

పైవైపు ఎడం ఎక్కువ ఉండటం గమనించండి. ఖర్చు తగ్గడం కంటే పెరగడమే ఎక్కువగా జరుగుతోంది. అప్పు తీసుకోబోయే కుటుంబానికి ముందు చెప్పాల్సింది ఆ పై అంకె. నేను ఇప్పుడు దాన్నే మొదట చదువుతున్నాను.

ఏడు ఇళ్లలో ఆరు ఈ ఎడంలోనే పడ్డాయి.

ఇప్పటిదాకా: ధరల కాగితాల ప్రింటు 300 కలిపి రూ. 13,200.

దశ 8: ఎనిమిదో ఇల్లు (నవంబర్)

కవర్ మళ్లీ అంటించి మొదలుపెట్టిన మొదటి ఇల్లు. అంచనా 4,36,000, ఎడం 3,84,000 నుంచి 5,28,000. పునాది దశలోనే తేడా కొట్టింది. రాయి 3 ట్రాక్టర్లు చాలన్నాం, 7 పట్టింది.

ఫారంలో ప్లింత్ ఎత్తు, అంటే నేల నుంచి ఇంటి గచ్చు దాకా ఎత్తు, 2 అడుగులు అని ఉంది. ఎగువ మూల దగ్గర అది నిజమే. ఇల్లు 22 అడుగుల పొడవు, నేల ఆ పొడవునా 3 అడుగుల 6 అంగుళాలు వాలింది. దిగువ మూల దగ్గర ప్లింత్ ఐదున్నర అడుగులైంది. రాతి కట్టుబడి పెరిగింది, లోపల నింపే మట్టి పెరిగింది, ఆ మట్టికి మోత పెరిగింది. ఇంటావిడ నా వంక చూసి, "పై అంకె దాటదు కదమ్మా?" అని అడిగింది. ఇప్పటిదాకా పడ్డ ఖర్చు వేసి, మిగిలిన పనికి మళ్లీ లెక్క కట్టి 5,11,000 అని చెప్పాను. పై అంకెకు 17,000 మాత్రమే తక్కువ. పిట్టగోడ ఈ ఏడు వద్దని వాళ్లే నిర్ణయించుకున్నారు.

మేస్త్రిగారి కవర్లో ఏముందో ఇల్లు పూర్తయ్యేదాకా విప్పను. కానీ ఆయన ఆ రోజు స్థలంలో చెప్పులు విప్పి, ఎగువ నుంచి దిగువకు ఒకసారి నడిచారని నాకు గుర్తుంది. ఎందుకని అప్పుడు అడగలేదు.

నవంబర్ 29: ఫారంలో 12వ గడి చేర్చాను. ఇంటి పొడవునా నేల వాలు ఎంత, అడుగులు, అంగుళాలు. పాత కట్టడాల్లో పునాది బయటికి కనబడేవి 31 ఉన్నాయి, అన్నీ కొలవాలి. 50 అడుగుల లెవెల్ పైపు మేస్త్రిగారు ఇచ్చారు. లోపల గాలి బుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుందని, నీళ్లు నింపాక రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని ఒకసారి సరిచూసుకోమని చెప్పారు. మొదటి ఊరు సోమవారం.